పగ ఎందుకు తియ్యగా ఉంటది?



ధమ్మబంధువులారా, ఈసారి పంచశీల గురించో అష్టాంగ మార్గం గురించో కాకుండా ఒక జపాన్ బొమ్మల సీరియల్ గురించి రాస్తున్నాను. ఇదేంది, ఈయనకు వేరే పని లేదా అనుకోకండి. మొగుడంపల్లిలో గానీ జహీరాబాద్‌లో గానీ మన వాడల్లో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లల ఫోన్లు ఒకసారి చూడండి. సినిమాలతో పాటు ‘అనిమే’ అనే ఈ జపాన్ బొమ్మల కథలు కూడా ఉంటాయి. వాటిలో పెద్ద పెద్ద ఇనుప రోబోలు యుద్ధం చేసే కథలు ఒక రకం. మా అక్క కొడుకు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని అలాంటిదొకటి చూపించాడు. పేరు ‘కోడ్ గియాస్’. రెండు భాగాలు, మొత్తం యాభై ఎపిసోడ్లు. నేను అన్నీ చూశాను.

2006 అక్టోబర్‌లో జపాన్ టీవీలో మొదలైన సీరియల్ ఇది. దర్శకుడు గోరో తనిగుచి. కథలో బ్రిటానియా అనే సామ్రాజ్యం రోబోలతో దండెత్తి జపాన్‌ను గెలుచుకుంటది. గెలిచి ఊరుకోదు, దేశం పేరు తీసేస్తది. జపాన్ ఇక ‘ఏరియా 11’. జపాన్ మనుషులు ఇక ‘ఎలెవెన్లు’. అంటే పేరు పోయింది, నంబరు మిగిలింది. వాళ్ళు ఉండే చోటు వేరు, పాలించే వాళ్ళు ఉండే చోటు వేరు. మొదటి ఎపిసోడ్‌లోనే సైనికులు ఆ ఎలెవెన్ల పేటలోకి దిగి ఆడా మగా చూడకుండా కాలుస్తారు. కథానాయకుడు లెలూష్. వాడు ఆ సామ్రాజ్యంలోనే పుట్టిన రాకుమారుడు. తల్లిని రాజభవనంలోనే చంపేశారు. చెల్లెలికి కండ్లు పోయాయి, కాళ్ళు పోయాయి. తండ్రి పట్టించుకోకపోగా పిల్లలిద్దరినీ పరాయి దేశానికి తోలేశాడు. ఆ లెలూష్ ముఖానికి ముసుగేసి ‘జీరో’ అని పేరు పెట్టుకొని, ఎలెవెన్లను కూడగట్టి తండ్రి సామ్రాజ్యం మీద పగ తీర్చుకోవడానికి బయలుదేరుతాడు.

ఇప్పుడు చెప్పండి, ఇది మన పిల్లలకు ఎందుకు నచ్చదు?

మన తాతలను ఊర్లో ఏ పేరుతో పిలిచారో గుర్తు చేసుకోండి. బారసాల నాడు పెట్టుకున్న పేరు ఒకటి, పటేల్ వాకిట్లో వినిపించే పిలుపు ఒకటి. ఆ పిలుపులో కులం ఉంటది, ‘ఒరే’ ఉంటది, మనిషి ఉండడు. పేరు పోగొట్టుకున్నోళ్ళ కథ జపాన్‌లో తీసినా మొగుడంపల్లి పిల్లగాడికి సగం చెప్పకుండానే అర్థమైతది.

ఇక రోబో సంగతి. 1972లో ‘మాజింగర్ జెడ్’ అనే సీరియల్ వచ్చినప్పటి నుంచీ ఈ రకం కథల్లో ఒకటే సూత్రం. లోపల కూర్చునేది ఒక మామూలు పిల్లగాడు, బయట నడిచేది మేడంత ఇనుప శరీరం. వాడి చెయ్యి కదిలితే దాని చెయ్యి కదులుతది. మన దగ్గర జేసీబీ వచ్చి ఎక్కడన్నా తవ్వుతుంటే పిల్లలు, ఆ మాటకొస్తే పెద్దలు కూడా, గంటల తరబడి ఎందుకు నిలబడి చూస్తారు? అంత బలం ఒక్క మనిషి చేతి కింద ఉండటం చూడ్డానికి. బక్కపలచని శరీరంతో, ఎవరో ఒకరి ముందు తల వంచుకొని నిలబడిన వాడికి ఆ ఇనుప శరీరం మీద ఆశ పుట్టడం తప్పు కాదు. దాన్ని చూసి ‘పాడు సీరియల్’ అని ఫోన్ గుంజుకునే తల్లిదండ్రులకు చెప్తున్నాను, మీరు గుంజుకునేది ఫోన్‌నే. వాడి లోపల ఉన్న అవమానం అక్కడే ఉంటది.

అవమానం నిజం, కోపం నిజం. మన ధమ్మంలో ఆ రెండింటినీ దాచిపెట్టని కథ ఒకటుంది. అది మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. విడూడభుడి కథ.

కోసల రాజు ప్రసేనజిత్తు శాక్యుల ఆడపిల్లను పెండ్లి చేసుకోవాలనుకున్నాడు. శాక్యులంటే బుద్ధుడి సొంత వంశమే. వాళ్ళకు కులగర్వం ఎక్కువ. రాజుకు కాదని చెప్పే ధైర్యం లేదు, పిల్లనిచ్చే మనసూ లేదు. మహానాముడనే శాక్యుడికి ఒక దాసి వల్ల పుట్టిన కూతురు ఉంది, వాసభ ఖత్తియ. ఆమెను రాకుమారి అని చెప్పి పంపించారు. ఆమె కొడుకే విడూడభుడు. పదహారేండ్ల వయసులో అమ్మమ్మ వాళ్ళ ఊరు చూడాలని కపిలవస్తుకు పోయాడు. తమ పిల్లలు వాడికి దండం పెట్టాల్సి వస్తదని శాక్యులు వాడికన్నా చిన్నవాళ్ళందరినీ ముందే ఊరు దాటించారు. వాడు వచ్చాడు, కూర్చున్నాడు, వెళ్ళిపోయాడు. వాడి సైనికుడొకడు మరిచిపోయిన ఆయుధం కోసం వెనక్కి వచ్చాడు. చూస్తే ఒక దాసి గొణుక్కుంటూ, ఆ పిల్లగాడు కూర్చున్న పీటను పాలు కలిపిన నీళ్ళతో కడుగుతోంది.

మైల పడింది గదా, అందుకని.

చదువుతుంటే మీకు 1927 మహాడ్ గుర్తుకు రావాలి. మార్చి 20న బాబాసాహెబ్ వెంట మనవాళ్ళు చవదార్ చెరువు నీళ్ళు తాగిన తర్వాత ఆ చెరువును కూడా పేడ, పెరుగు, మంత్రాలతో ‘శుద్ధి’ చేశారు. రెండు వేల ఏండ్లకు పైగా నడిచిన కథ, కడిగే పద్ధతి మాత్రం అదే.

విడూడభుడు ఒట్టు పెట్టుకున్నాడు. నేను కూర్చున్న పీటను పాలతో కడిగారు కదా, నేను రాజునైన రోజు వాళ్ళ గొంతుల రక్తంతో కడుగుతానని. సంగతి తెలిసి ప్రసేనజిత్తు తల్లినీ కొడుకునూ దాసులుగా దించేస్తే, బుద్ధుడే రాజుతో మాట్లాడి వాళ్ళ గౌరవం తిరిగి ఇప్పించాడు. అది గుర్తుంచుకోండి. బుద్ధుడు వాడి అవమానం వైపే నిలబడ్డాడు. కానీ వాడు రాజై సైన్యంతో బయలుదేరినప్పుడు సరిహద్దులో నీడ సరిగా లేని చెట్టు కింద ఎండలో కూర్చున్నది కూడా ఆ బుద్ధుడే. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ విడూడభుడు దండం పెట్టి వెనక్కి తిరిగాడు. నాలుగోసారి చెట్టు కింద ఎవరూ లేరు. శాక్యులను పాలు తాగే పసిబిడ్డలతో సహా నరికించాడు. ఒట్టు ప్రకారం పీట కడిగించాడు. తిరుగుదారిలో అచిరవతి నది ఒడ్డున రాత్రి మజిలీ వేస్తే వరద వచ్చి సైన్యంతో సహా కొట్టుకుపోయాడు.

వరద సంగతి పక్కన పెట్టండి. కథలు చెప్పేవాళ్ళు చివర్లో వరదలు తెస్తారు, మన ఊర్లలో ఏ వరదా రాదు. నాకు ఈ కథలో గుచ్చుకునేది ఇంకొకటి. ఆ పీట కడిగింది ఎవరు? దాసి. విడూడభుడి అమ్మమ్మ లాంటిదే. అవమానం చేయించింది శాక్య పెద్దలు, పాలచెంబు పట్టుకున్నది ఒక దాసి, చచ్చింది పసిబిడ్డలు. పగ బాణం గురి చూసి వదలలేదు. అది దారిలో ఉన్న వాళ్ళందరికీ తగిలింది.

లెలూష్‌కూ అదే జరుగుతది. తన కంటి శక్తి అదుపు తప్పి, నోరు జారిన ఒక్క మాటతో యూఫీమియా అనే మంచి అమ్మాయి తాను కాపాడాలనుకున్న జనాన్నే కాల్పించే పరిస్థితి వస్తది. చనిపోయింది ఎలెవెన్లే. ఎవరి కోసం యుద్ధమో వాళ్ళే. ఇంకా పోతే, ఏ తల్లి చావుకు పగ తీర్చుకుంటున్నాడో ఆ తల్లి, తండ్రి కుట్రలో భాగమేనని చివర్లో తెలుస్తది. మా అక్క కొడుకు ఆ ఎపిసోడ్ అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. జపాన్ వాళ్ళు పగ కథ తీస్తూ పగ రుచినీ చూపించారు, అది ఎక్కడ చేదెక్కుతదో కూడా చూపించారు. మన తెలుగు సినిమాల్లో చాలావాటికి ఈ రెండో సగం ఉండదు.

“మరి ఏం చెయ్యమంటవు మామా, చెంప చూపియ్యమంటవా?” అని వాడడిగాడు. న్యాయమైన ప్రశ్న. దానికి వినయపిటకంలో దీఘావు కథ ఉంది. అది కూడా రాకుమారుడి కథే, అది కూడా మారువేషమే. కాశీ రాజు బ్రహ్మదత్తుడు దీఘావు తల్లిదండ్రులను పట్టుకొని, వీధుల్లో తిప్పి ముక్కలుగా నరికించాడు. తండ్రి చావబోతూ జనంలో నిలబడిన కొడుక్కు, పగతో పగ చల్లారదని అర్థమయ్యేలా చెప్పి పోయాడు. దీఘావు ఏనుగుల శాలలో పనికి కుదిరి, పాట పాడి వీణ వాయించి రాజు కండ్లల్లో పడ్డాడు. చివరికి రాజుకు అత్యంత నమ్మకమైన సేవకుడయ్యాడు. ఒకరోజు వేటకు పోయినప్పుడు సైన్యం ఒక దిక్కు, తాను తోలే రథం ఇంకో దిక్కు పోయేలా చేశాడు. అలసిన రాజు దీఘావు తొడ మీద తల పెట్టుకొని నిద్రపోయాడు. దీఘావు కత్తి దూశాడు. తండ్రి మాట గుర్తొచ్చి ఒరలో పెట్టాడు. మళ్ళీ దూశాడు, మళ్ళీ పెట్టాడు. మూడోసారీ అంతే.

దీన్ని క్షమాపణ కథ అని మెత్తగా చెప్పేవాళ్ళున్నారు. నేనలా చెప్పను. రాజు లేచాక దీఘావు నోరు మూసుకొని కూర్చోలేదు. నేనే దీఘావును, మా అమ్మానాన్నలను చంపింది నువ్వే అని ముఖం మీద చెప్పాడు. రాజు ప్రాణం అడుక్కున్నాడు. నా ప్రాణం నువ్వు కాపాడు, నీ ప్రాణం నేను కాపాడుతా అని ఒప్పందం చేసుకున్నాడు. తండ్రి సైన్యం, రథాలు, రాజ్యం అన్నీ తిరిగి తీసుకున్నాడు. కత్తి ఒరలో ఉంది, లెక్క మాత్రం వదల్లేదు.

బాబాసాహెబ్ మహాడ్‌లో చేసింది ఇదే. నీళ్ళు తాగి వస్తున్న మనవాళ్ళను కొట్టిన రోజు, సైన్యంలో పనిచేసిన మహార్లు ఒక్క మాట కోసం ఎదురుచూస్తూ ఉన్నారు. ఆయన ఆ మాట అనలేదు. కేసు నడిపాడు. అదే ఏడాది డిసెంబర్ 25న మనుస్మృతిని తగలబెట్టాడు. చెరువు మీద హక్కు 1937 మార్చిలో బొంబాయి హైకోర్టులో గెలిచింది. పదేండ్లు.

ఇది మన తెలుగు నేల మీద అంత తేలిగ్గా సాగలేదని కూడా పిల్లలకు చెప్పాలి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఊరు విడిచిన జనం చీరాలలో శిబిరం వేసుకున్నారు, దళిత మహాసభ పుట్టింది, బొజ్జా తారకం ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేశారు. ఆ కేసులో ఆరోపణలు ఎదుర్కొన్న దగ్గుబాటి చెంచురామయ్యను 1989లో నక్సలైట్లు చంపారు. అదే 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఒకే ఏడాదిలో రెండు జవాబులు. ఈ రోజు మన వాడలో ఒక అమ్మాయిని అవమానిస్తే మీరు స్టేషన్‌కు ఏ జవాబు పట్టుకొని పోతారు?

అయినా చుండూరు సంగతి దాటవేయకూడదు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఊర్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు, 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ రోజు ఏ పిల్లగాడైనా ఇనుప రోబో కావాలనుకుంటే వాడికి నీతులు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఆ విడుదల మీద బాధితులు మళ్ళీ సుప్రీంకోర్టు మెట్లెక్కారు. లెలూష్‌కు లేనిది, వాళ్ళకు ఉన్నది అదే. ముసుగు లేదు, సొంత పేర్లతో పోయారు.

ఇంకో సంగతి. దీఘావు కథను బుద్ధుడు శత్రువులకు చెప్పలేదు, కోశాంబిలో రెండు వర్గాలై కొట్లాడుకుంటున్న తన భిక్షువులకే చెప్పాడు. వాళ్ళు వినలేదు. మీరు ఊరికే ఉండండి, మా గొడవ మేం చూసుకుంటాం అన్నారు. బుద్ధుడు పాత్ర, చీవరం తీసుకొని ఒంటరిగా వెళ్ళిపోయాడు. విహారం కమిటీలో ఎవరు అధ్యక్షుడని ఏండ్ల తరబడి మాటల్లేకుండా ఉన్న మనవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి. చివరికి కోశాంబి గొడవ తెంపింది కత్తీ కాదు, రాజూ కాదు. ఊర్లోని ఉపాసకులు, ఉపాసికలు. ఆ భిక్షువులకు దండం పెట్టడం మానేశారు, భిక్ష వెయ్యడం మానేశారు. భిక్ష దొరకక రెండు వర్గాలూ బుద్ధుణ్ణి వెతుక్కుంటూ శ్రావస్తి దారి పట్టాయి.