పెద్దల దోషములు – మన విశ్వాసము



మతమును మనకు బోధించిన పెద్దలే ధర్మము తప్పి నడచిరని చరిత్రము సాక్ష్యమిచ్చుచుండగా, ఆ మతమునందు విశ్వాసము నిలుపుట యెట్లు? ఈ ప్రశ్న వేయువారందఱును నాస్తికులని యెంచుట పొరపాటు. నాస్తికునకు దీనితో పనియే లేదు. గురువు చెడినను బాగుపడినను అతనికి నష్టము లేదు. ఒకప్పుడు చేతులు జోడించి వినినవాడే పిమ్మట వినరాని సంగతి విని, రాత్రి నిద్రపట్టక యీ ప్రశ్న వేయును. కావున దీనికి తేలికయగు సమాధానము చెప్పి పంపివేయుట తగదని మా యభిప్రాయము.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలవారికి ఈ ప్రశ్న పరాయిది కాదు. తెలుగు, తమిళము, కన్నడము కలిసికొను నీ మెట్టప్రాంతమునకు మతబోధకులు దూరదేశములనుండి వచ్చిరి. పంతొమ్మిదవ శతాబ్దిలో అమెరికా దేశపు రిఫార్మ్డ్ సంఘమువారి ఆర్కాటు మిషను ఇచ్చట పాదుకొనెను. జేకబ్ చేంబర్లేన్ దొర మందులతోను తెలుగు సువార్తలతోను ఊరూర తిరిగెను. 1911లో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వెలసెను. పలు మిషనులు కలిసి స్థాపించిన ఆరోగ్యవరము క్షయరోగ చికిత్సాలయము 1915లో తెఱువబడెను. మన దేశమున బి.సి.జి. టీకా కార్యక్రమము 1948లో ఆరంభమైనది మదనపల్లెలోనే. ఇన్ని ప్రాణములు నిలిపిన పనిని చిన్నచూపు చూచువాడు కృతఘ్నుడు.

అయితే ఆ సంఘపు పూర్వచరిత్రమును గూడ తెలిసికొనవలెను. డచ్చివారు న్యూయార్కు ప్రాంతమున నెలకొల్పిన యా సంఘమున, పదునేడు పదునెనిమిదవ శతాబ్దులలో, దైవవాక్యమును బోధించిన పాదిరులలో కొందఱు ఆఫ్రికా దేశీయులను బానిసలుగా నింట నుంచుకొనిరి. దానికి జ్ఞాతియగు దక్షిణాఫ్రికా డచ్చి సంఘము 1857లో తెల్లవారికిని తక్కినవారికిని వేఱువేఱు ఆరాధనలకు సమ్మతించెను. కొందఱి మనోదౌర్బల్యమును బట్టి యిచ్చిన సడలింపు మాత్రమే యని వారు చెప్పికొనిరి. ఆ దౌర్బల్యమే నూఱేండ్లలో జాతిభేదమునకు శాస్త్రమై కూర్చుండెను. మన యూళ్లలో కాఫీ అంగడియందు రెండు గ్లాసులు ఎట్లు వెలసినవో యెఱిగినవారికి ఈ కథ వింతగా తోపదు. 1982లో ప్రపంచ రిఫార్మ్డ్ సంఘముల కూటమి ఆ సిద్ధాంతమును మతవిరుద్ధమని ప్రకటించెను. దక్షిణాఫ్రికాలోని మిశ్రజాతివారి సంఘము 1986లో అంగీకరించిన బెల్‌హార్ విశ్వాసప్రమాణమును అమెరికా సంఘము 2010లో తన ప్రమాణములలో నొకటిగ స్వీకరించెను. అంతమాత్రముచేత ఆరోగ్యవరమున బ్రదికి యింటికి వచ్చిన రోగి సంతోషమును న్యూయార్కు బానిస కన్నీటికి చెల్లు పెట్టుటకు వీలు లేదు. ఆ రెండు పద్దులును వేఱువేఱుగ నిలిచియుండవలసినవే.

దివ్యజ్ఞాన సమాజమువారి కథయు మదనపల్లెకు దగ్గఱిదే. బాలురకు తగని బోధలు చేసెనను ఆరోపణమునకు గుఱియై 1906లో లెడ్‌బీటరు ఆ సమాజమును విడిచెను. కొలది యేండ్లకే అనిబిసెంటమ్మగారు ఆయనను మరల చేర్చుకొనిరి. 1909లో ఆ లెడ్‌బీటరే అడయారు సముద్రతీరమున నొక తెలుగు బాలుని చూచి, యితడు జగద్గురువు కాగలడని నిర్ణయించెను. ఆ బాలుడు 1895లో మదనపల్లెలో జన్మించిన కృష్ణమూర్తి. తన కుమారులను తనకు తిరిగి యిప్పింపుడని తండ్రి నారాయణయ్య న్యాయస్థానమున కెక్కెను. చెన్నపట్టణమున గెలిచెను, లండనులోని ప్రీవీ కౌన్సిలులో ఓడిపోయెను. పెద్దల మహత్కార్యములనుగూర్చి వ్రాయువారు ఈ తండ్రిని ఒక వాక్యముతో దాటిపోవుదురు. 1929 ఆగస్టు 3వ తేదీన హాలెండు దేశమున ఓమెన్ పట్టణమందు కృష్ణమూర్తి తనకై నిర్మింపబడిన నక్షత్రసంఘమును తానే రద్దు చేసెను. గురువే వద్దనుట యొక సమాధానము, గంభీరమైన సమాధానమే. అయినను ఆయన చుట్టును జనులు చేరక మానలేదు. ఆయన గతించిన పిదప 1991లో వెలువడిన యొక గ్రంథము ఆయన ఆంతరంగిక జీవితమును గూర్చి కష్టమైన సంగతులు చెప్పగా, గురువే లేడని నమ్మినవారికిని అదే వేదన కలిగెను.

పరుల యింటి దోషములను లెక్కించుట సులభము. మన యింటి సంగతి చూతము. బ్రహ్మానంద కేశవచంద్రసేనుడు 1864లో చెన్నపట్టణమునకు వచ్చి ప్రసంగించిన పిమ్మటనే యచ్చట వేదసమాజము వెలసెను. ఆయన యుపన్యాసముల ప్రభావము ఆత్మూరి లక్ష్మీనరసింహముగారి మూలమున వీరేశలింగము పంతులుగారిని చేరెను. జందెము విడువని యాచార్యులు వేదిక నెక్కరాదని పట్టుబట్టి, 1866లో దేవేంద్రనాథ మహర్షినే వీడి వేఱు సమాజము పెట్టిన సాహసి యాయన. ఆయన కృషిచేతనే 1872 వివాహశాసనము పుట్టెను. కన్యకు పదునాలుగు, వరునకు పదునెనిమిది యేండ్లు నిండవలెనని యందు విధింపబడెను. ఆఱేండ్లు గడచెను. 1878 మార్చి 6వ తేదీన ఆయన తన కుమార్తె సునీతిని కూచబెహారు మహారాజునకిచ్చి వివాహము చేసెను. కన్యకు పదునాలుగు నిండలేదు, వరునకు పదునాఱైనను నిండలేదు. ఆక్షేపించినవారికి ఇది దైవాదేశమని సమాధానము వచ్చెను.

ఈ మాటయే ఆ వివాహముకంటెను మమ్మెక్కువగ బాధించుచున్నది. రాజసంబంధమునకు తండ్రి మనసు లొంగినదన్నచో మనుష్యదౌర్బల్యమని ఊరకుండవచ్చును. ఈశ్వరుని పేరును తన నిర్ణయమునకు ముద్రగా వేసికొనుట వేఱు సంగతి. దానికి వాదము చెప్పుటకు ఎదుటివానికి చోటే లేదు. శివనాథశాస్త్రి, ఆనందమోహనవసు ప్రభృతులు 1878 మే 15వ తేదీన సాధారణ బ్రాహ్మసమాజమును స్థాపించినపుడు, ఒక్కని యాదేశముపై సంఘము నడువకుండునట్లు నియమావళి వ్రాసికొనిరి, ఎన్నికలు పెట్టుకొనిరి. వారు ఈశ్వరుని విడువలేదు, ఉపాసనను విడువలేదు. కేశవుడు వారికి నేర్పిన ప్రార్థనను గూడ విడువలేదు.

మఱియొక సంగతి. 1919లో మదనపల్లె కళాశాలకు విచ్చేసి జనగణమన గీతమును అచ్చటనే ఆంగ్లమున వెలయించిన రవీంద్రనాథుడు దేవేంద్రనాథుని కుమారుడు, ఆదిబ్రాహ్మసమాజమునకు కార్యదర్శిగా పనిచేసినవాడు. ఆయన 1901లో తన పెద్ద కుమార్తెలకిద్దఱికిని బాల్యముననే పెండ్లిండ్లు చేసెను. రెండవయామెకు అప్పటికి పదునొకండేండ్లు నిండలేదు. ఈ మాట చెప్పినచో మన మిత్రులలో కొందఱు ముఖము చిట్లించుకొందురు. కాలమట్టిదని యందురు. కాని పదునాలుగేండ్ల నియమము అప్పటికి దాదాపు ముప్పదియేండ్లుగా శాసనముననే యున్నది గదా! కాలమునకు తెలియని ధర్మమని చెప్పుటకు వీలులేదు.

ఇక విశ్వాసము మాట. కేశవుడు తప్పెనని మనమెట్లు గ్రహించితిమి? ఆయన సాధించిన శాసనమును బట్టియే. పాదిరి బానిసను కొనుట పాపమని యేల తోచెను? సర్వమానవులును ఈశ్వరుని సంతానమని యాతడు చదివిన గ్రంథమే చెప్పుటచేత. కొలబద్ద నిచ్చినవాడు దానికి తాను తక్కువైనాడు. కొలబద్ద పొట్టిది కాలేదు. మెట్టసీమలో బావి త్రవ్వినవాని నడవడి బాగులేదని యెవ్వరును ఆ బావిని పూడ్చుకొనరు. అట్లని త్రవ్వినవానికి గట్టుమీద గుడి కట్టి, అతని దోషమును చెప్పినవానికి నీళ్లు లేవనుట అంతకంటెను తెలివిమాలిన పని.

అయితే యీ సమాధానము మనకు తేలికగ శాంతినిచ్చునని మాకు భయమున్నది. ఇది దూరమునుండి చూచువానికి చాలును, బాధపడినవారికి చాలదు. బానిసకు కొలబద్దల తర్కము చెప్పి యేమి ప్రయోజనము? నారాయణయ్యకు చెప్పి యేమి ప్రయోజనము? వారి పేరులును వారి పక్షమును మన సంఘచరిత్రములలో వ్రాయబడినపుడే మన ప్రార్థనకు నోరు వచ్చునని మేము నమ్ముచున్నాము. దోషమును దాచి విశ్వాసమును కాపాడజూచువాడు ఈశ్వరుడు సత్యమునకు వెఱచునని తలంచుచున్నట్లు కాదా?

సునీతిదేవి 1921లో తన జీవితకథను ఆంగ్లమున ప్రకటించెను. అందు తండ్రిని ప్రేమగౌరవములతోనే స్మరించెను. ఆమెయే నొచ్చుకొననిది మీకేల యని కొందఱు మమ్మడుగవచ్చును. కుమార్తెకు తండ్రిని తన మనసున నెట్లు నిలుపుకొనవలెనో అట్లు నిలుపుకొను స్వాతంత్ర్యము గలదు. ఆ స్వాతంత్ర్యము సంఘమునకు లేదు, ఏలయన శాసనము ఆమె యొక్కతెకొఱకు పుట్టినది కాదు. అయినను ఆమె మాటయు వినదగినదే. మదనపల్లెలోగాని, పుంగనూరులోగాని, కుప్పములోగాని పఠనమందిరములను నడుపువారు కేశవచంద్రుని యుపన్యాసముల ప్రక్కనే ఆ గ్రంథమును, శివనాథశాస్త్రి వ్రాసిన సమాజచరిత్రమును ఒక్క అరలో నుంచవలెనని మా మనవి.