పద్దెనిమిదేళ్లు నిండితే మన బాధ్యత తీరినట్టేనా?

మదీనాలో మస్జిదె నబవీ వెనుక భాగాన ఖర్జూరపు మట్టలు కప్పిన ఒక పంచ ఉండేది. దాని పేరు సుఫ్ఫా. ఇల్లూవాకిలీ, నా అన్నవారూ లేని నిరుపేద ముహాజిర్లు అక్కడే తలదాచుకుని, దైవప్రవక్త (సల్లం) సన్నిధిలో విద్య నేర్చుకునేవారు. వేలాది హదీసులను మనకందించిన హజ్రత్ అబూ హురైరా (రజి) వారిలో ఒకరు. దైవప్రవక్త (సల్లం) వారి భోజన బాధ్యతను సహాబీలకు పంచేవారు. ఒకరు ఒకరిని, మరొకరు ఇద్దరిని ఇంటికి తీసుకువెళ్లేవారు.

నేడు మనం యతీంఖానాలకు విరాళాలిస్తున్నాం. ఇది ఎంతో పుణ్యకార్యం. అయితే పద్దెనిమిదేళ్లు నిండి, ఇంటర్ ముగించుకుని బయటికి వచ్చే పిల్లల సంగతేమిటి? కళాశాల ఫీజు ప్రభుత్వ పథకం కింద వచ్చినా, సెలవుల్లో హాస్టల్ మూసేస్తే వారెక్కడికి పోవాలి? ఆడపిల్ల విషయంలో ఈ ప్రశ్న మరింత బరువైనది. 2015 నాటి బాలల న్యాయ చట్టం అలాంటివారికి 21 ఏళ్ల వరకు తోడ్పాటునిచ్చే వీలు కల్పించింది. నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువు ఆ వయసుకు పూర్తికాదు.

"యుక్తవయసు వచ్చినవాడు యతీం కాడు కదా! కష్టపడి సంపాదించుకోవచ్చు కదా!" అని కొందరంటారు. షరీఅత్ పరిభాష ప్రకారం మొదటి మాట నిజమే. కాని పేరు తొలగిపోతే అవసరం కూడా తొలగిపోతుందా? అనాథల ఆస్తిని వారికి అప్పగించడానికి వయసు ఒక్కటే చాలదని, వారిలో వివేకం కూడా కనిపించాలని అన్నిసా సూరా 6వ ఆయత్ బోధిస్తోంది. ఆదేశం ఆస్తికి సంబంధించినదే. అయినా సంరక్షకుని బాధ్యత కేవలం ఏళ్లు లెక్కపెట్టి వదిలించుకునేది కాదన్న వివేచన అందులో ఉంది. ఇక కష్టార్జితం ఇస్లాం మెచ్చినదే. అయితే నాలుగేళ్లు ఆదుకుంటే రేపు తానే జకాత్ ఇవ్వగలిగే యువకుణ్ణి, జీవితాంతం జకాత్ పుచ్చుకునేవాడిగా మిగల్చడం న్యాయమా?

అత్తౌబా సూరా 60వ ఆయత్ జకాత్‌కు ఎనిమిది పద్దులు పేర్కొంది. వాటిలో విద్యార్థి అన్న పేరు విడిగా లేదు. అయితే నిసాబ్ లేని పేద విద్యార్థి, పేదవాడిగానే దానికి అర్హుడు. హనఫీ ధర్మవేత్తల దృష్టిలో జకాత్ సొమ్మును అర్హుని స్వాధీనం చేయాలి. కనుక దాన్ని విద్యార్థి చేతికే ఇవ్వాలి. గది అద్దె, భోజనం ఖర్చు అతడే చెల్లించుకుంటాడు. వసతిగృహం కట్టదలిస్తే సదఖా, వక్ఫ్ మార్గాలున్నాయి.

మరొక్క మాట. ఆత్మాభిమానం వల్ల చేయి చాపని పేదలను వారి వాలకం చూసి గుర్తించాలని అల్‌బఖరా సూరా 273వ ఆయత్ నేర్పుతోంది. వారిని వేదిక మీద నిలబెట్టి ఫోటోలు తీయించడం ఆ బోధనకు విరుద్ధం.

అద్దుహా సూరాలో అల్లాహ్ తన ప్రవక్త (సల్లం)కు చేసిన మేళ్లను గుర్తు చేస్తూ, అనాథగా ఉన్నప్పుడు ఆశ్రయమిచ్చిన సంగతిని మొదట ప్రస్తావించాడు. మార్గదర్శకత్వం, సంపద ఆ తరువాత వచ్చాయి. మన మొహల్లాలో నీడ కోసం వెతుక్కుంటున్న విద్యార్థి ఎవరో ఈ రోజే తెలుసుకుందాం. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.