ఐదోది దైవం

మందుబిళ్లల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం చూసినవాణ్ణి. బ్యాచ్ చెడినా, రియాక్టర్ పొంగినా మావాళ్ల నోట మొదట వచ్చే మాట ఒకటే: "టైం బాగాలేదు సార్." శనివారం ఉపవాసం ఉండే మనిషిని, దేవుణ్ణి కాదనేవాణ్ణి కాను. కానీ దర్యాప్తు కాగితంలో 'కారణం' అన్న గడిలో ఆయన్ని కూర్చోబెడితే మాత్రం సంతకం పెట్టేవాణ్ణి కాదు. "మీకు దేవుడి మీద నమ్మకం లేదా?" అని ఒక షిఫ్ట్ ఇన్‌చార్జి అడిగాడు. గీతలో పద్దెనిమిదో అధ్యాయం చూడు బాబూ అన్నాను.

అక్కడ ఏ పనికైనా కారణాలు ఐదన్నాడు కృష్ణుడు. అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు... ఈ నాలుగూ అయ్యాకే దైవం. అధిష్ఠానమంటే దేహమని శంకరుల భాష్యం. ఫ్యాక్టరీలో బతికిన నాకు అక్కడ ట్యాంకే కనిపిస్తుంది, ఏం చెయ్యను!

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరై ఊరి మీద పడింది. 12 మంది పోయారు. స్టైరీన్‌ని చల్లగా ఉంచాలి, గడ్డకట్టకుండా టీబీసీ అనే మందు కలుపుతుండాలి. ఉన్నతస్థాయి కమిటీ చూస్తే ఆ మందు చాలినంత లేదు, చల్లబరిచే యంత్రం రాత్రంతా నడవలేదు. ఉష్ణోగ్రత కొలిచేది ట్యాంకు అడుగున మాత్రమే. పైన ఎంత కాగుతోందో చెప్పే సాధనమే లేదు. మొదటి నాలుగింటిలో ఒక్కటీ సరిగ్గా లేనప్పుడు ఐదోదాని దాకా పోవడం ఎందుకు?

ఆ ఐదోదానికి శంకరులు చెప్పిన అర్థం చూడండి: కంటికి సూర్యుడిలా, ఇంద్రియాలకు తోడ్పడే దేవతలట. అంటే మనకు చూపునిచ్చేదే దైవం. రిస్కు లెక్కగట్టే మా పట్టికలోనూ తీవ్రత, ఎన్నిసార్లు జరగొచ్చు అన్నవాటితో పాటు మూడో అంకె ఒకటుంటుంది, ముందే కనిపెట్టగలమా అని. కనిపెట్టడం కష్టమైనకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. పైభాగానికి కొలమానం పెట్టనివాడు నా దృష్టిలో దైవం కళ్లకు గంతలు కట్టినవాడే.

న్యాయస్థానమూ ఇంచుమించు ఈ దారినే నడిచింది. 1985 డిసెంబరులో ఢిల్లీలో ఓలియం లీకైన కేసులో, ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడికి ఏ మినహాయింపూ లేదని 1986లో జస్టిస్ భగవతి ధర్మాసనం తేల్చింది. పాత ఇంగ్లీషు సూత్రంలో 'దైవఘటన' అని తప్పించుకునే వీలుండేది. అదీ పోయింది. నాకిందులో నాస్తికత్వమేమీ కనిపించలేదు.

అలాగని అంతా మన చేతుల్లోనే ఉందనను. లక్షల బిళ్లల బ్యాచ్‌లో మేం పరీక్షకు తీసేవి కొన్నే. మందు ఎంతుందో చూడాలంటే బిళ్లని నూరి కరిగించాలి. అంటే రోగి మింగేది ఎప్పుడూ మేం పరీక్షించని బిళ్లే. బ్యాచ్ వదిలేముందు సంతకం పెడుతూ వెంకటేశ్వరుణ్ణి తలుచుకునేది అందుకే. రికార్డులన్నీ చదివాకే సుమా! చదవకుండా తలుచుకుంటే అది భక్తి కాదు, బద్ధకం.

దసరాకి యంత్రాలకు శుభ్రంగా పసుపు కుంకుమలు పెట్టండి, గుమ్మడికాయ కొట్టండి. గేజీ అద్దం మీద మాత్రం బొట్టు పెట్టకండి. అంకె కనిపించాలి.