ముఖశౌచము, కర్మఫలము

బాసరలో గోదావరి యొడ్డున, జ్ఞానసరస్వతి సన్నిధిని, పసివానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని వాని వ్రేలు పట్టి బియ్యములో తొలి యక్షరము దిద్దించు తండ్రి, ఆ వాగ్దేవత తన బిడ్డ నాలుకపై నివసింపవలెనని మ్రొక్కును. ఆ నాలుకమీదనే, దాని చుట్టునున్న దంతముల సందులలోను చిగుళ్ళ మడతలలోను, సూక్ష్మజీవులును కాపురముండును. మానవుల నోళ్ళలో ఏడువందలకు మించిన జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించియున్నారు. 1683లో హాలెండు దేశస్థుడైన లీవెన్‌హుక్ తన పంటిపాచిని తాను చేసికొన్న భూతద్దము క్రింద నుంచి, అందు కదలాడు జీవులను చూచి ఆశ్చర్యపడి, లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. దేవతకును క్రిములకును ఒకే నోరు నివాసమైనప్పుడు ఆ నోటిని శుద్ధమనవలెనా, అశుద్ధమనవలెనా? కీళ్ళవాతముతో మంచము పట్టినవారిని తలచుకొన్నప్పుడు ఈ ప్రశ్న వేడుకకు వేసినది కాకపోవును.

పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పల్లెలలో మధ్యాహ్నవేళ ఏ వాకిట చూచినను, ఒడిలో చాట పెట్టుకొని, తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించి, చిటికెడు తంబాకు పరచి, చుట్టి, కొసలు మడిచి దారము కట్టు స్త్రీలు కనబడుదురు. వేయి బీడీలకు ఇంతయని కూలి గనుక వ్రేళ్ళే వారి యాస్తి. అట్టి వ్రేళ్ళ కణుపులు ఒకనాటి యుదయమున వాచి, బిగిసి, పిడికిలి పడక, ప్రొద్దెక్కినదాక సడలకపోయినప్పుడు ఆ తల్లి మొదట ననుమాట యిది: "ఏ జన్మల ఏం పాపం జేసిన్నో, కాల్రెక్కలు పడిపోయినయి." ఇరుగుపొరుగువారు కాదనరు, తలయూపుదురు. ఆ తలయూపుటయందే నాకు అభ్యంతరము.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అను ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు అధికముగా వచ్చును. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే తన కీళ్ళ లోపొరను శత్రువుగా నెంచి దానిపై బడుట దీని స్వభావము. తన వానిని పరాయివానిగా ఎందుకు చూచును? దీనికి సమాధానము వెదకుచు శాస్త్రజ్ఞులు చేరిన తావులలో నోరొకటి. చిగుళ్ళ వ్యాధి ముదిరినవారికి పంటికిని చిగురుకును నడుమ, ప్రాణవాయువు చొరని లోతులలో, పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అను బాక్టీరియా పెరుగును. దానియందున్న ఒక ఎంజైము మాంసకృత్తులలోని ఆర్జినిన్‌ను సిట్రులిన్‌గా మార్చును. ఇట్లు మారిన స్వీయ మాంసకృత్తును దేహము గుర్తుపట్టలేక దానిపై ప్రతిరక్షకములను పుట్టించునని ఊహ. రోగులలో అనేకుల రక్తమున ఈ ప్రతిరక్షకములు, కీలు వాయుటకు కొన్నియేండ్ల ముందునుండియే, కనబడుచున్నవి. చిగుళ్ళు చెడిన రుమటాయిడ్ రోగుల రక్తములోనికి నోటి బాక్టీరియా పలుమారులు చేరుచున్నదని 2023లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపినది. ఇదియొక్కటే కారణమని ఎవ్వరును తీర్పు చెప్పలేదు. వంశమునుండి వచ్చిన జన్యువులును, పొగాకు పొగయు ఇందు పాలుగొనును. చిగుళ్ళు చెడినవారందరికిని కీళ్ళు చెడవు. పొగ చిగుళ్ళకును కీళ్ళకును గూడ శత్రువే. మన యాడవారు చుట్టునది మాత్రము ఒరుల నోటికొరకు.

ఆమవాతమని మాధవనిదానము వర్ణించిన వ్యాధిలో, జీర్ణముగాని ఆమము వాతముచే ప్రేరితమై కీళ్ళను చేరునని చెప్పబడినది. ఒకచోటి దోషము మరియొకచోట రోగమగునన్న తలంపు మన వైద్యులకు క్రొత్తది కాదు. అంతమాత్రమున బాక్టీరియాను మనవారు ముందే కనుగొనిరని చాటుకొనువారితో నేను చేయి కలుపజాలను.

కర్మసిద్ధాంతమును త్రోసివేయవలెనని నా యభిప్రాయము కాదు. కాని దానిని ఎవరు, ఎవరిని గూర్చి పలుకుచున్నారో చూడవలెను. చరకుడు విమానస్థానమున ఆయువును విచారించుచు, దైవమును పురుషకారమును రెండింటిని అంగీకరించి, సమస్తమును ముందే నియతమైనచో మందులతోను మంత్రములతోను పనియే యుండదని నిక్కచ్చిగా పలికెను. వైద్యుడై రోగి ప్రక్కన కూర్చున్నవాడు గనుక ఆయనకు ఆ మాట చెప్పక తప్పలేదు. తన దుఃఖమునకు తన కర్మను కారణముగా తలచుకొన్నవాడు ఓర్పును సంపాదింపవచ్చును. ఎదుటివాని దుఃఖమునకు వాని కర్మను కారణముగా చూపినవాడు సంపాదించునది లేచిపోవుటకొక సాకు మాత్రమే.

ఈ విషయమున ధర్మపురి శేషప్ప కవి నాకు పండితులకంటె దగ్గరివాడుగా తోచును. నేడు జగిత్యాల జిల్లాలోనున్న ఆ క్షేత్రమున నరసింహుని కొలిచి శతకము చెప్పిన ఆయన, బ్రతికియున్నంతకాలము భజన మానననియు, మరణకాలమున వాతపిత్తకఫములు క్రమ్మి భ్రమ కలిగినప్పుడు స్వామిని మరచెదనేమోయనియు, అందువలన ఇప్పుడే నామము పలుకుచుంటిననియు మొరపెట్టుకొనెను. దేహము చెడుట భక్తి చెడుట కాదని, తుదిక్షణమున నోరు పెగలకపోయినను అది నేరముగా లెక్కింపబడరాదని, యమునికి సైతము గుడియున్న యూరిలో నిలిచి యా కవి కోరెను. కీళ్ళు పట్టిన తల్లి పక్షమున ఇంతకంటె గట్టి వకాల్తా ఏది?

ఇక శౌచము మాట. దంతధావనమును మన ధర్మశాస్త్రములు నిత్యకర్మలలో చేర్చినవి. పుల్ల నిషిద్ధమైన తిథులలో పండ్రెండుమారులు నీరు పుక్కిలింపుమని మార్గమును గూడ చూపినవి. వేపపుల్ల కొస నమిలి కుంచెగా చేసి తోముకొనుట మన పల్లెలలో నిన్న మొన్నటిదాక ఉన్నదే. అది ప్రతి ప్రాతఃకాలమున మరల చేయవలసిన పని. నేడు తోమిన పంటిపై రేపటికి మరల పాచి పట్టును. యోగసూత్రమున పతంజలి శౌచమునుండి పుట్టునని చెప్పినది తన దేహముపట్ల ఏవగింపు. పరసంసర్గము వలదనుటయు ఆ సూత్రముననే కలదుగాని, అది తన దేహమును కడిగి కడిగి దాని స్వభావమును తెలిసికొన్న యోగి పొందిన విరక్తి. చాయ్ హోటలులో దళితునికి వేరు గ్లాసు పెట్టిన చేయి ఏ యోగిది?

ఎంగిలిని గూర్చి మనకు రెండు బుద్ధులు కలవు. కాళహస్తిలో తిన్నడు నోట నింపుకొని తెచ్చిన నీటితో శివునికి స్నానము చేయించి, రుచిచూచిన మాంసమును నివేదించెను, శివుడు స్వీకరించెను. భాద్రపద అమావాస్యనాడు మన యాడపడుచులు తంగేడు, గునుగు పేర్చి గౌరమ్మను నిలుపు తొలి బతుకమ్మకు ఎంగిలిపూల బతుకమ్మయనియే పేరు. దేవత యెదుట ఎంగిలిని మన్నించి, మనుష్యుని యెదుట మన్నింపకుండుట మన వింత. సూక్ష్మదర్శినికి ఈ భేదము తెలియదు. దాని క్రింద పండితుని పాచియు పాలేరు పాచియు ఒక తీరుననే కదలును.

శుద్ధిపై మోహము శాస్త్రజ్ఞులను గూడ వదలలేదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో ఇంగ్లండు, అమెరికాలలో నోటి క్రిములే సకలరోగములకు మూలమని నమ్మి, కీళ్ళవాతము కుదురునని పండ్లన్నియు పెరికివేసిన వైద్యులుండిరి. బోసినోళ్ళు మిగిలినవి, కీళ్ళనొప్పులును మిగిలినవి. శతాబ్ది నడుమకు ఆ వాదము మూలబడినది. నేడు నోటికిని కీలుకును సంబంధమును వెదకువారు ఆ పాఠము తెలిసినవారు గనుక పెరుకుమనరు, గార తీయించి చిగుళ్ళను కాపాడుకొమ్మందురు.

కావున తలయూపువారితో నా మనవి యొక్కటి. లేచిన గంటవరకును వ్రేళ్ళు బిగిసియుండి, రెండు చేతుల కణుపులును వాచి, కొన్ని వారములైనను తగ్గనిచో, ఆ తల్లి పూర్వజన్మను తవ్వక, మెడికల్ షాపు నొప్పిగోలితో నెలలు గడుపనీయక, ఆమెను వైద్యునియొద్దకు కొనిపోయి రక్తపరీక్ష చేయింపుడు. పండ్లు తోమునప్పుడు చిగుళ్ళనుండి రక్తము వచ్చుచున్నచో ఆ మాటయు చెప్పుడు. తొలినాళ్ళలోనే మందు మొదలుపెట్టినవారి వ్రేళ్ళు వంకరపోకుండుటకు అవకాశము చాల ఎక్కువ.