మొదలులేని మఱ్ఱి



కోల్‌కతా నగరమున కెదురుగా, హుగ్లీనది పడమటియొడ్డున, శిబ్‌పూరునందు ఒక మహోద్యానము గలదు. ఈస్టిండియా కంపెనీ సైనికోద్యోగి యగు రాబర్టు కిడ్ 1787లో దీనిని నెలకొల్పెను. కఱవుకాలమున జనుల యాఁకలి దీర్చు చెట్లను పెంపవలె ననుట యతని సంకల్పములలో నొకటి. మన సామర్లకోటలోఁ దోఁట పెంచి యీసీమ మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గు 1793లో దీని పాలనమును వహించెను. 2009 నుండి యిది ఆచార్య జగదీశచంద్ర బోసు పేరఁ బరఁగుచున్నది.

సుమారు 270 ఎకరముల యీతోఁటలో ఒకచోటఁ దాళజాతులు, ఒకచోట వెదురుపొదలు, ఒకచోట ముండ్లజెముళ్లు, కొలఁకులలోఁ బళ్లెరములవంటి యాకుల పెద్దకలువలు. ఇన్నిఁటిని జూచి తుదకు మఱ్ఱిని సమీపించినవాఁడు మాత్రము ఊరక కదలిపోలేఁడు.

250 ఏండ్లు దాఁటిన యావృక్షము 4 ఎకరములకు మించి వ్యాపించియున్నది. 1864, 1867 సంవత్సరముల పెనుగాలులు దానిని గాయపఱచెను. తరువాత బూజుతెగులు సోఁకి మొదలు కుళ్లిపోఁగా, 1925లో దానిని తొలఁగించిరి. నేఁడు నడుమ మొదలు లేదు; చెట్టు పచ్చగా నున్నది! కొమ్మలనుండి దిగి నేల నంటిన యూడలు 3,000కు పైఁబడి దానిని మోయుచున్నవి. 2020లో అంఫాన్ తుపాను ఆతోఁటలో ననేకవృక్షములను గూల్చెను. ఈమఱ్ఱి కొన్ని యూడలను గోలుపోయియు నిలిచెను.

గాలిలో వ్రేలాడునంతకాలము ఊడ సన్నని త్రాడువంటిది. అది మోయునది లేదు, అదియే మోయఁబడుచున్నది. మన్ను దాఁకిన పిమ్మట వేరు పాఱి, లావెక్కి, స్తంభమగును.

సోదరులారా! నామాట చెప్పెదను. మాతండ్రి యాఁకొన్నవానికిఁ బెట్టక తాను భుజించినవాఁడు కాఁడు. నేనో, ఆయన పటమునకుఁ బూలదండ వేసి, ఆయన కీర్తిని సభలలోఁ జెప్పి, భోజనవేళకు వీథితలుపు గడియ వేసికొంటిని. పెద్దల ధర్మము నాయందు వ్రేలాడుచుండెనే కాని నేల నంటలేదు. మనలో నెందఱి భక్తి యిట్టిది కాదు? ఎందఱి సంస్కారము ఉపన్యాసవేదికనుండి క్రిందికి దిగినది? మొదలు శాశ్వతము కాదు. తండ్రి పోవును, గురువు పోవును, సంస్థను స్థాపించినవాఁడు పోవును. అంతకుముందే మన యూడ మన్ను దాఁకనిచో మొదలితోఁ గొమ్మయుఁ గూలును.

ఆతోఁటపనివారు లేఁతయూడలను వెదురుబొంగులగుండ నేలకు దింపుదురు. మన బిడ్డలకు మనము చేయవలసిన దదియే. వారికిఁ దాతలకీర్తి చాలదు. దీనుని గుడిసె కొకత్రోవ చూపవలెను.

సర్వాధారుఁడవగు దేవా! మాపెద్దల నీడలో మమ్ము నిద్రింపనీయకుము. ఈదినమే మాచేయి నేలమీఁద నున్నవానిని దాఁకునట్లు అనుగ్రహింపుము.