ఆయ్దక్కి మారయ్య జోలె - మన చేని కట్టె

ఓం శ్రీ గురు బసవలింగాయ నమః



పన్నెండవ శతాబ్దమున కల్యాణపట్టణమునందు ఆయ్దక్కి మారయ్య అను శరణుడుండెను. ‘ఆయ్దక్కి’ అనగా కన్నడమున ఏరిన బియ్యము. రాలిపడిన గింజలను ఏరి తెచ్చుటయే ఆయన కాయకము. ఆ గింజలనే ధర్మపత్ని లక్కమ్మ వండి జంగమ దాసోహము జరుపుచుండెను. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఆశ యగునని చెప్పి, మిగులు బియ్యమును దొరికిన చోటనే వేసి రమ్మని భర్తను వెనుకకు పంపెను.

ఈ కథలో రెండు ధర్మములు గలవు. లోకము త్రొక్కిపోవు దానిలో అన్నమును చూచుట మారయ్య ధర్మము. ఎంత తీసికొనవలెనో ఎరిగి, మిగిలిన దానిని దాని చోటికి చేర్చుట లక్కమ్మ ధర్మము. మొదటిది లేనిచో వృథా, రెండవది లేనిచో దోపిడి. ఈ రెండింటిని నేటి మన చేనికి, మన వంటయింటికి అన్వయించి చూడవలసి యున్నది.

వల్లీ భుజంగేశ్వరుడు వెలసిన పామూరు మొదలు కనిగిరి, మార్కాపురము, గిద్దలూరు వరకు గల సీమ మెట్టసీమ. వాన నమ్మరానిది. పలు గ్రామముల బావినీటిలో ఫ్లోరైడు. ఇట్టి నేలపై రైతు కంది, పొగాకు, మిరప, ప్రత్తి పండించును. పంట యింటికి చేరిన పిమ్మట చేనిలో కందికట్టె, ప్రత్తికట్టె, పొగాకు మోళ్లు మిగులును. కొంత వంటచెరకగును. మిగిలిన దానికి గట్టుననే నిప్పు. గింజను శివప్రసాదమని కన్నుల కద్దుకొన్న చేయియే ఆ గింజను మోసిన కట్టెను బూడిద చేయుచున్నది!

ఇక వంటయింటి మాట. లింగమునకు భక్తుడు ధూపము సమర్పించును. కాని కట్టెపొయ్యి పొగ ధూపము కాదు. ఊదుగొట్టముతో మంట రేపు తల్లి కన్నులు ఎఱ్ఱబారును, రొమ్ము దగ్గుచే అదరును. ఇంటిపొయ్యి పొగవలన 2020వ సంవత్సరమున ప్రపంచమున సుమారు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టినది. అందులో అయిదేండ్ల లోపు బిడ్డలే 2 లక్షల 37 వేలకు పైగా నున్నారు. జంగమునకు పెట్టిన అన్నము పుణ్యమైనచో, ఆ అన్నము వండిన ఆమె దగ్గు ఎవరి ఖాతాలో పడును?

ప్రభుత్వములు ఊరకుండలేదు. 1999లో దీపము పథకము పేదయిండ్లకు గ్యాసు పొయ్యిని తెచ్చినది. 2024 నవంబరు 1న ఆంధ్రప్రదేశమున మొదలైన దీపం-2 ఏడాదికి మూడు బండలను ఉచితముగా ఇచ్చుటకు సంకల్పించినది. కాని నలుగురున్న ఇంట మూడు బండలు ఏడాది పొడవున రావు. కూలి దొరకని నెలలో బండ మూలకు చేరును, కట్టెపొయ్యి మరల రాజుకొనును.

మార్గము మన పెరటిలోనే గలదు. మనము నుదుట ధరించు విభూతి ఎక్కడిది? గోమయము నెండబెట్టి కాల్చగా వచ్చినది. పేడను పావనముగా చూచుట శైవునకు క్రొత్త కాదు. రోజుకు సుమారు 50 కిలోల పేడను అంతే నీటితో కలిపి గాలి చొరని తొట్టిలో పులియబెట్టినచో, దాదాపు 2 ఘనపు మీటర్ల వాయువు పుట్టును. నలుగురైదుగురికి వంట అగును. మంట నీలిగా, పొగ లేక వెలుగును. గోబరు గ్యాసనునది ఇదియే. 1981-82లోనే దీనికై జాతీయ పథకము మొదలైనది. అయినను కఱవునకు పశువులు తరిగిన ఇంట తొట్టి ఎండును. ఏపూటకాపూట పేడ కలుపు కాయకము విడిచిన ఇంట తొట్టి పగులును. పరికరము ప్రభుత్వమీయవచ్చును గాని కాయకము ప్రభుత్వమీయజాలదు.

కందికట్టె, ప్రత్తికట్టె గట్టివి. అవి తొట్టిలో సులభముగా పులియవు. వాటిని ముక్కలు చేసి, ఆరబెట్టి, యంత్రమున గట్టిగా అదిమినచో ఇటుకలవంటి దిమ్మెలగును. కట్టెలోని సహజమైన జిగురే దానిని పట్టి నిలుపును. వేరుశనగ పొట్టును ఇట్లే చేయవచ్చును. పగలు రాత్రి కట్టె మ్రింగు పొగాకు బ్యారనుకు ఇట్టి దిమ్మెలందినచో చెట్టు మిగులును.

మోళిగె మారయ్య కాశ్మీరపు రాజ్యము విడిచి వచ్చి కల్యాణమున కట్టెలమోపు మోసి బ్రతికెను. మోపు మోయుట రాజునకే పూజ్యమైనప్పుడు, చేని కట్టె సేకరించుట, కోయుట, దిమ్మె కట్టుట మన యువకులకు చిన్నతన మెట్లగును? వలస బస్సెక్కు చేతులకు ఊరిలోనే అది కాయకము కాగలదు.

ఈ సీమలోనే పెద్ద యత్నమొకటి ఆరంభమైనది. రాష్ట్రమున 65,000 కోట్ల రూపాయలతో 500 జీవవాయు కర్మాగారములు నెలకొల్పుటకై 2024 నవంబరులో రిలయన్స్ సంస్థతో ఒప్పందము కుదిరెను. అందు మొదటి దానికి 2025 ఏప్రిల్ 2న కనిగిరి చెంత పీసీపల్లి మండలము దివాకరపల్లిలో శంకుస్థాపన జరిగెను. బీడు నేలలలో నేపియర్ గడ్డి పెంచి, పులియబెట్టి, వచ్చిన వాయువును శుద్ధిచేసి అదిమి నింపుట దాని పద్ధతి. బీడు భూమికి కౌలు, చేతికి పని వచ్చుట శుభమే.

అయినను ఇక్కడ లక్కమ్మ నిలిచి ప్రశ్నించును. నేపియర్ గడ్డి రాలిన గింజ కాదు, నాటిన పైరు. దానికి నీరెక్కడిది? బీడని మనమన్న చోట ఎవరి గొఱ్ఱెలు మేయుచుండెనో? వాయువు పోగా మిగిలిన ద్రవము మంచి ఎరువు. అది మరల ఏ చేనికి చేరును? చేని కట్టెనంతయు ఊడ్చి అమ్మినచో నేలకేమి మిగులును? లింగార్పితమైనది ప్రసాదమై తిరిగి వచ్చునట్లు, నేలనుండి తీసినది ఎరువై నేలకు తిరిగి రావలెను. తిరిగి రానిచో అది అర్పణము కాదు, అపహరణము. చిన్న తొట్టి పెట్టిన గృహస్థునకు, పెద్ద కర్మాగారము కట్టిన ధనికునకు ధర్మమొక్కటే.

కావున భక్తులారా! ఈ యేట కందికోత కాగానే కట్టెకు నిప్పు పెట్టకుడు. పశువునకు కొంత, నేలకు కొంత విడిచి, మిగిలినది పొయ్యికి చేర్చుడు. పశువులున్నవారు తొట్టి కట్టుడు. తొట్టి కట్టినవారు పేడ కలుపు పనిని ఇల్లాలికే వదలక తామును చేయుడు. పొగలేని పొయ్యి వద్ద కన్నీరు లేక వండిన పిడికెడు అన్నము, దానిని వండిన తల్లి చల్లని చూపు - బసవన్న కోరిన దాసోహమున కంతకు మించిన నైవేద్యము లేదు.