మాట పడిపోయిన నోట మంగళవార్త జపము



మన దేహంలో ఆత్మ ఎక్కడ ఉంటుంది? గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో మేము తెగ వాదించుకున్న ప్రశ్న ఇది. మెదడు నడుమనున్న పీనియల్ అనే చిన్న గ్రంథిలో నుండి ఆత్మ దేహాన్ని నడుపుతుందనీ, ఆ గ్రంథి అటూ ఇటూ కదులుతుందనీ ఫ్రెంచి తత్త్వవేత్త డేకార్ట్ రాశాడు. ఆ గ్రంథి చుట్టూ ఉన్న భాగాలకు అతుక్కొని ఉంటుంది, అలా కదలలేదు అని 1665లో పారిస్ నగరంలో నికోలాస్ స్టెనో అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ప్రసంగించాడు. ఆయన మెదడును స్వయంగా కోసి చూసినవాడు. తర్వాత 1667లో కతోలికుడై, గురువై, బిషప్ కూడా అయ్యాడు. 1988లో జగద్గురువులు రెండవ జాన్ పాల్ గారు ఆయనను ధన్యుడిగా ప్రకటించారు.

ఆత్మ ఒక గదిలో అద్దెకుండేది కాదు, మనిషంతటికీ జీవమిచ్చేది అని తిరుసభ బోధ. అయితే మెదడులో మాత్రం పనికొక గది ఉంది.

మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. పెద్దమెదడు రెండు సగాలు: ఎడమ సగం కుడి చేతినీ కాలినీ, కుడి సగం ఎడమవాటినీ ఆడిస్తుంది. నుదుటి వెనుక ఆలోచన, నిగ్రహం. కణతల దగ్గర వినికిడి, జ్ఞాపకం. తల వెనుక భాగంలో చూపు. దాని కింద చిన్నమెదడు. తాటిచెట్టు ఎక్కేవాడు తూలిపోకుండా చూసేది అదే. ఇంకా కిందనున్న మజ్జాముఖం ఊపిరిని, గుండెను, మింగడాన్ని కనిపెట్టుకొని ఉంటుంది.

మరి మాట? 1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా దగ్గరకు "టాన్" అనే శబ్దం తప్ప దాదాపు ఏమీ పలకలేని రోగి వచ్చాడు. ఎదుటివారి మాట మాత్రం అతనికి చాలావరకు అర్థమయ్యేది. చనిపోయాక చూస్తే పెద్దమెదడు ఎడమ సగంలో ముందు భాగం చెడిపోయి ఉంది. కుడి చేయి, కాలు పడిపోయినవారికి తరచు మాట కూడా పోవడం ఇందుకే.

ఇలాంటి పెద్దావిడ "నీళ్లు" అని అడగలేదు. సాయంత్రం ఇంట్లో జపమాల మొదలైతే మాత్రం మంగళవార్త జపంలో గొంతు కలుపుతుంది. "జపానికి వచ్చే నోరు నాతో మాట్లాడటానికి రాదా?" అని కోడలు నొచ్చుకుంటుంది. అమ్మా, అది మొండితనం కాదు. అప్పటికప్పుడు ఒక మాట కూర్చి చెప్పడం వేరు, చిన్ననాటి నుండి వేలసార్లు పలికి నోటికి వచ్చిన జపమో పాటో పలకడం వేరు. ఈ రెండవ పనిలో చెడిపోని కుడి సగం కూడా ఒక చేయి వేస్తుంది. కొందరికి పాట ద్వారానే తిరిగి మాట నేర్పిస్తారు కూడా. కాబట్టి "ఆమెకేం తెలుస్తుందిలే" అని మంచం పక్కనే పొలం పంపకాలు మాట్లాడుకోకండి.

మరొక సంగతి. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చేయి జారిపోయినా, మాట తడబడినా పసరు మందుకో తాయెత్తుకో పరుగెత్తకండి. తలకు స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. నెత్తురు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి గురువును ఆసుపత్రికే పిలవండి.

మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి ప్రభువు ముందు దించారు. అక్కడ ఆ రోగి ఒక్క మాటైనా పలికినట్లు రాయలేదు. మన విచారణలలో మాట పోయినవారిని గుడికి తేవడానికి ఇంటివారు ఎందుకో సిగ్గుపడతారు. నడుమ ఏదో ఒకటి అరుస్తారని భయం. అరిస్తే అరవనివ్వండి, పూజ ఆగిపోదు. రాలేనివారికి సత్ప్రసాదం ఇంటికే తెస్తాము. మింగడం కష్టమైతే చిన్న తునక చాలు, అదీ వీలుకాకపోతే ద్రాక్షారసం రూపంలో కొద్దిగా ఇవ్వడానికి తిరుసభ అనుమతి ఉంది. ఏది క్షేమమో డాక్టరుగారిని అడిగి, ముందురోజే ఉపదేశిగారికి చెప్పి పంపండి.